పదహారో పేజీ తరువాత

ఆదివారం పొద్దున ఏడు గంటలకు బెజవాడలో బందరు బండి ఎక్కాను. దిగవలసింది పెడనలో. వెళ్ళే పని చెప్పుకుంటే సిగ్గుచేటు. అక్కడివాళ్ళకు నేనిచ్చిన పుస్తకం ఒకటి, ఎవరూ గమనించకముందే తిరిగి తెచ్చుకోవాలి.

పెడనలో కొందరు నేతగాళ్ళు నెలకోసారి ఒకచోట చేరి, ఎవరికి ఏ పుస్తకం నచ్చిందో చెప్పుకుంటారు. చెప్పినవాడు ఆ ప్రతిని అక్కడే వదిలి రావాలి. అది వాళ్ళ కట్టుబాటు. పోయిన నెల నేనొక నవల గురించి అరగంట మాట్లాడాను. చదివింది పదహారు పేజీలు. మిగతాది అక్కడికక్కడ అల్లాను. చివర కథానాయకుడి తల్లిని చంపేశాను కూడా. బెజవాడ వకీలుగారి గుమాస్తా చాలా చదివాడనిపించుకోవాలన్న కక్కుర్తి తప్ప ఇంకేమీ కాదు.

నిన్న ఇంకో కొత్త పుస్తకం కాగితాల మడతలు చాకుతో కోస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ నవల కూడా మడతలు కోయకుండా కుట్టిందే; కోస్తే తప్ప లోపలి పేజీలు తెరుచుకోవు. పదహారో పేజీ దాటి నేను కోయనే లేదు!

యుద్ధం రోజులు కనుక పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ఉప్పులూరు దాటాక ఒక రైతు కాస్త జరిగి చోటిచ్చాడు.

“పెడనకా అండీ? చీరలకా?”

“పుస్తకం కోసమండీ.”

“పుస్తకానికి రైలెక్కారా! ఇంట్లో చెప్పే వచ్చారా?”

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జేబులో చాకు తడుముకున్నాను. పుస్తకం చేతికొస్తే ఏ మూలో కూర్చుని మడతలు కోసి, మళ్ళీ ఇచ్చేయాలని నా పన్నాగం. గుడివాడలో బండి చాలాసేపు ఆగుతుంది. అక్కడే ఇడ్లీ తినడం మంచిది. పెడన చేరేసరికి పదిన్నర.

నాగభూషణంగారు మగ్గం గుంటలోంచి లేచి వచ్చారు. ఆ సమావేశాలు జరిగేది ఆయన ఇంట్లోనే. నేను అడక్కముందే పుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు.

“పదహారో పేజీ తరువాత మడతలు అలాగే ఉన్నాయండీ. పరాయివాళ్ళ వస్తువు మీద కత్తి పెట్టడం బాగోదని ఊరుకున్నాం.”

ఆయన ముఖంలో ఎగతాళి లేదు. తెలిసి అంటున్నారో, తెలియక అంటున్నారో అంతుపట్టలేదు. ఆయన భార్య ఆదెమ్మగారు ఆసు చట్రం మీద నూలు పోస్తున్నారు. “గుమాస్తాగారూ, ఆ తల్లి చచ్చిపోవాలంటారా? మీరు చెప్పి వెళ్ళాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు” అన్నారు.

వేరే ప్రతిలో చదివానని అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాక అనలేకపోయాను.

“అమ్మా, నేను చదవలేదు. కల్పించి చెప్పాను.”

ఆసు పోయడం ఆగింది. “అయితే నేనేడ్చింది ఎవరి కోసమండీ?”

నాగభూషణంగారు చాప వేశారు. “చాకుందా? కోయండి. చదవండి. నిజమేదో తేలేదాకా మిమ్మల్ని బండెక్కనివ్వం.”

కోసి, వాళ్ళు వినేలా పైకి చదివాను. మధ్యలో ఆదెమ్మగారు పప్పు, గోంగూర పచ్చడితో భోజనం పెట్టారు. మూడు గంటలకు పుస్తకం అయిపోయింది. ఆ తల్లి చావలేదు. బతికినట్టూ లేదు. నలభయ్యో పేజీ తరువాత ఆమె ఊసే లేదు.

“రాసినాయన మరిచిపోయాడు కాబోలు. మీరు నయం, చంపడానికైనా గుర్తుపెట్టుకున్నారు” అన్నారు ఆదెమ్మగారు.

అది క్షమించడమో, దెప్పడమో నాకు తెలియలేదు.

నాలుగున్నర బండికి నాగభూషణంగారు స్టేషన్ దాకా వచ్చారు. “వచ్చే నెల కూడా రండి. చదివినంత మేర చదివానని చెప్పండి. ఆ పైన కల్పిస్తే, కల్పించానని చెప్పండి. రెండూ వింటాం” అన్నారు.

గుడ్లవల్లేరు దాటినా నా తికమక తీరలేదు. తప్పు ఒప్పుకుంటే తేలికపడతానని అనుకున్నాను. అలా కాలేదు. లేని మనిషి కోసం ఒకావిడ రెండు రోజులు అన్నం మానేసింది. ఆ ఏడుపును వెనక్కి తీసుకోవడం నా చేతిలో లేదు. నా తరువాత పెడన వెళ్ళేవారికి రైలు వేళలకన్నా ముందు చెప్పవలసింది ఒకటుంది. మనం చెప్పేదాన్ని అక్కడివాళ్ళు నిజంగా వింటారు.