ధర్మవరం బస్సులో ఒంటరిగా వెళ్ళిపోయిన నా బిడ్డ

సహోదరులారా, సహోదరీలారా, మా శాంతికి మూర్ఛలు వచ్చిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు! అప్పుడు దానికి నాలుగేళ్ళు. ఆడుతూ ఆడుతూ కళ్ళు తేలేసి, నోట నురగ కక్కుతూ పడిపోయేది, ఎప్పుడు పడుతుందో, ఎక్కడ తల కొట్టుకుంటుందోనని శెనక్కాయలు ఒలిచే కూలికి పోయినా పక్కనే కూర్చోబెట్టుకునేదాన్ని. సోమందేపల్లిలో మా సంఘస్థులు ఉపవాసముండి ప్రార్థన చేశారు, పక్క వీధి హిందువులు తాయెత్తు తెచ్చిచ్చారు, వాళ్ళ ప్రేమ వాళ్ళది, నేను కట్టలేదు గానీ కాదని వాళ్ళను నొప్పించనూ లేదు. చివరికి ధర్మవరంలో ఒక డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఒక్క పూట కూడా తప్పకూడదన్నాడు. నెలనెలా బిడ్డను ఆయనకు చూపించాలి.

మా దగ్గర బస్సెక్కడమంటే మీకు తెలియనిదా! హిందూపురం నుంచి బస్సు వచ్చి నిలబడకముందే జనం కిటికీల మీద పడతారు, తువ్వాలు వేసేవాళ్ళు తువ్వాలు, సంచి వేసేవాళ్ళు సంచి, బిడ్డలున్నవాళ్ళు బిడ్డనే కిటికీలోంచి లోపలికి దించి సీటు పట్టుకుంటారు. అట్లా బిడ్డను చూపించడానికి ధర్మవరం బయలుదేరిన ఒక రోజు మా ఊర్లో సంత. మా ఆయన దావీదు శాంతిని ఎత్తి కిటికీలోంచి కూర్చోబెట్టి, "ఈడే కూచో మా, వస్తాండాం" అని చెప్పి నన్ను తలుపు దగ్గరకు లాక్కుపోయాడు. మెట్ల మీద జనం వేలాడుతున్నారు, కాలు పెట్టే సందు లేదు, లోపల ఎక్కడో కండక్టరు విజిల్ వేశాడు, బస్సు కదిలిపోయింది! "బిడ్డ ఉండాది సామీ, నిలపండి!" అని అరుస్తూ వెనకాల పరుగెత్తాం, సంత గోలలో ఎవరికి వినిపిస్తుంది! మధ్యాహ్నం వెయ్యాల్సిన మాత్ర నా సంచిలోనే ఉంది.

నేను రోడ్డు మీద కూలబడి మా ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. టీ అంగడి రామాంజి పొయ్యి మీద పాలు అట్లే వదిలేసి పరుగున ఫోను బూతుకు పోయి పెనుకొండ బస్టాండుకు చేశాడు, ఎవరూ ఎత్తలేదు. ఉల్లిగడ్డలు దించుతున్న టెంపో డ్రైవరు, మాకు ముక్కూ ముఖం తెలియనివాడు, సగం మూటలు బండిలోనే ఉండగా, "ఎక్కండప్పా, బస్సును పట్టుకుందాం" అన్నాడు. ఆ మూటల మధ్య కూర్చొని నేను చేసిన ప్రార్థన ఏం ప్రార్థన లెండి, అదంతా ఏడుపే.

"ప్రభువా, అది పడితే దాని తల ఎవరు పట్టుకుంటారయ్యా? ఆ బస్సులో దానికి ఎవరున్నారు? నా చెయ్యి అందదు, నీ చెయ్యి అందుతుంది కదయ్యా!"

పెనుకొండ చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది. బస్టాండంతా వెతికాం, బిడ్డ లేదు. అప్పుడు పూలమ్మే ఆమె, "మూర్ఛొచ్చిన పాపేనా? ఎవురో ఒకామె ఎత్తుకొని ఆసుపత్రికి పాయ" అని చెప్పింది. బిడ్డకు ప్రాణం ఉందా అని అడగడానికి నాకు నోరు రాలేదు, సహోదరులారా! ఆ ఆసుపత్రి దాకా ఎట్లా నడిచానో దేవునికే తెలుసు.

వరండాలో ఒక నడివయసు ఆమె ఒళ్ళో నా బిడ్డ నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోంది! నేను పోయి ఆమె కాళ్ళ దగ్గరే పడ్డాను. ఆమె పేరు పద్మావతక్క, ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు. బస్సులో శాంతికి మూర్ఛ వచ్చి తల సీటు కమ్మీకి కొట్టుకుంటుంటే, మూటలోంచి కొత్త పట్టుచీర తీసి తల కింద పెట్టి, పెనుకొండలో బస్సు దిగేసిందట. ఆ చీర నిండా నురగ, రక్తపు చారికలు.

"చీర పాడైపాయ కదక్కా" అని ఏడ్చాను.

"నేసేది మేమే కదమ్మా, ఇంకోటి నేస్తాం. బిడ్డనైతే యాడ నేస్తాం?" అంది.

ఆమె చేతులు పట్టుకొని, మా ప్రభువే నిన్ను పంపినాడక్కా అన్నాను. ఆమె నవ్వింది. "ఎవురు పంపినారో నాకు తెల్దమ్మా. చీరలు చూపిద్దామని హిందూపురం పోయింటి. వచ్చేటప్పుడు కిటికీ పక్కనే కూచున్న్యా, ఎండ మొగానికి కొడతాందని ఇట్ల జరిగితి. మీ ఊర్లో ఆ సందులోకి ఈ పాపను దించినారు" అంది.

సహోదరులారా, ఆ మాటకు నా ఒళ్ళు జలదరించింది! ఆ డాక్టరు మాత్రలతో, సంఘం ప్రార్థనలతో శాంతికి మూర్ఛలు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయాయి, ఇప్పుడది బడిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది, మహిమంతా ఆ తండ్రిదే! కానీ నేను మీకు చెప్పుకోవాలని వచ్చింది అది మాత్రమే కాదు. ఈ రోజు బిడ్డ కోసమో, భర్త కోసమో గుండె దడదడలాడుతూ వచ్చి కూర్చున్న అమ్మా, ఆయనను నమ్ము. బస్సులో దానికి ఎవరున్నారని నేను ఉల్లిగడ్డల మూటల మధ్య కూర్చొని ఏడ్చానే, నేను ఇంకా బస్టాండుకైనా రాకముందే దేవుడు ఎండ కాయించి, పద్మావతక్కను పక్కకు జరిపి, ఆమె పక్కనే నా బిడ్డకు చోటు చేసి పెట్టాడు.