మొదటి పేజీ సాక్ష్యాలు

ఉప్పుకీ జ్ఞానసుందరికీ పెద్ద తేడా లేదని ఆమె భర్త డేవిడ్‌రాజు అంటాడు. ఏది లేకపోయినా ఇల్లు చప్పబడుతుంది, ఏది కాస్త ఎక్కువైనా ముద్ద దిగదు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. పట్టాల వెంట ఒంటరిగా నడిచినన్నాళ్ళూ మాటలు దాచుకున్నాడు. దాచుకున్నవన్నీ ఇప్పుడు భార్య మీద ఖర్చుపెడుతున్నాడు.

వాళ్ళది నౌపడ. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఉప్పుమళ్ళు ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా కోసి నేలమీద ఆరబెట్టినట్టుంటాయి. ఆ తెల్లటి వెలుగులో, గట్టు మీద, నల్లగొడుగు ఒకటి కదిలివస్తుంటే ఊళ్ళో ఎవరింట్లోనో పురుడు వచ్చిందని అర్థం. గొడుగు కింద జ్ఞానసుందరి, ఆమె భుజాన పుస్తకాల సంచి.

బాప్టిస్టు సంఘం స్త్రీల సమాజం తరఫున ఆమె క్రైస్తవ పుస్తకాలు అమ్ముతుంది. బైబిళ్ళు, పాటల పుస్తకాలు, వాక్యం రాసిన కేలండర్లు అన్నీ ఉంటాయి గానీ, ఆమె ప్రాణమంతా ఒక చిన్న పుస్తకం మీద. పేరు ‘తల్లికి తెల్లవారుజాము’. ఎక్కడో చలిదేశపు దొరసాని బాలింతల కోసం రాసింది, ఎవరో తెలుగు చేశారు. అరచేతిలో ఇముడుతుంది. అట్ట మీద కిటికీ పక్కన తెల్లగౌను వేసుకున్న తల్లి, ఒడిలో నిద్రపోతున్న బిడ్డ, బల్ల మీద ఆవిరి కక్కుతున్న కప్పు. తల్లి జుట్టు ఒక్క పోగు చెదరలేదు. బిడ్డ ముక్కు కారడం లేదు. కప్పులో ఉన్నది ఏదైనా గానీ బాలింతకు పెట్టే కాయం మందు మాత్రం కాదు.

ఆమె పద్ధతి ఒకటే. సాంబ్రాణి పొగ ఇంకా చూరు కింద తిరుగుతున్న ఇంట్లోకి వెళ్ళి, వందనాలు చెప్పి, నులకమంచం పక్కన కూర్చుని మొదటి పేజీ చదువుతుంది. బిడ్డ ఏడిస్తే తల్లి మేలుకుంటుంది, తల్లి ఏడిస్తే మేలుకునేవాడు పైన ఉన్నాడు అని ఉంటుంది అందులో. ఆమె గొంతు మంచిది. ఆ మాట దగ్గర కొంచెం వణికిస్తుంది కూడా. సరిగ్గా బాలింత కళ్ళు చెమ్మగిల్లిన చోట పుస్తకం మూసి చేతిలో పెట్టి, మిగతాది నువ్వు చదువుకో తల్లీ అంటుంది. వద్దన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బిడ్డకు కొంచెం మెడ నిలిచాక ఒక ఆదివారం చర్చికి తెచ్చి, సంఘం ముందర దేవునికి ప్రతిష్ఠ చేస్తారు. ఆ రోజు తల్లి లేచి, దేవుడు తనకు చేసిన మేలు ఇదని సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం వీధిలో మాట్లాడే తెలుగులో చెప్పరు, దానికి వేరే తెలుగు ఉంది. ఇంట్లో ‘ఏటే’ అని అరిచే పిల్ల కూడా మైకు ముందు ‘గొప్ప దేవుడు నన్ను జ్ఞాపకము చేసుకొనెను’ అంటుంది. ఆ తరవాత, వరస తప్పకుండా, బిడ్డ ఏడిస్తే తల్లి మేలుకుంటుంది అన్న మాట వస్తుంది. ముందు వరసలో కూర్చుని జ్ఞానసుందరి కళ్ళు మూసుకుని వింటుంది. విత్తినవాడికి కోత చూడడం కంటే ఏం కావాలి. ఏళ్ళ తరబడి ప్రతి మళ్ళోనూ ఒకే ఎత్తున, ఒకే వంపుతో పండుతున్న పంటేమిటా అన్న అనుమానం ఆమెకు రాలేదు. పాస్టరు ఇమ్మానుయేలుగారికి వచ్చిందేమో తెలియదు. ఆయన ఆ మాట వచ్చే ముందే తల ఊపడం మొదలుపెట్టేవారు.

ఇలా ఉండగా జ్ఞానసుందరి ఒక్కగానొక్క కూతురు గ్లోరీ పురిటికి పుట్టింటికి వచ్చింది.

గ్లోరీ నర్సు. శృంగవరపుకోటలో కాపురం, భర్త బెన్హర్ అక్కడే హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆడపిల్ల పుట్టింది. చక్రాల్లాంటి కళ్ళు, ఒళ్ళంతా గొంతు. ప్రతిష్ఠకు ఆదివారం ఖాయమైంది. వియ్యాలవారు కోట నుంచి వస్తామన్నారు. జ్ఞానసుందరి పుస్తకం కూతురి తలగడ పక్కన పెట్టింది. మర్నాడు చూస్తే దాని మీద గ్రైప్ వాటర్ సీసా ఉంది. ఆ మర్నాడు సీసా, చెంచా, పాప సాక్సు ఉన్నాయి. పుస్తకం తెరిచిన జాడ లేదు.

ఊరందరి చేతా సాక్ష్యం చెప్పించిన మనిషి ఇంట్లోనే సాక్ష్యం లేకపోతే ఎలా? ఆదివారం దగ్గరపడే కొద్దీ ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పాప బట్టలు మడతపెడుతున్న గ్లోరీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

“సదివేవా?”

“నేదు.”

“ఒక్క మొదటి పేజీ...”

“అది నాకు కంఠతా వచ్చు గదమ్మా. నిక్కర్లేసుకున్నప్పుడు నుంచీ యింతన్నాను.” గ్లోరీ మడత ఆపింది. “అందులో ఆవిడికి పాపని సూడగానే పాటొచ్చిందట. నాకు ఏడుపొస్తాది. అది సెప్పనా చర్చిలో?”

“ఏడుపు గురించే గదే మొదటి పేజీ. అది సెప్పు సాలు.”

కూతురు తల్లి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది, ఊరు దాటిపోయే రైల్లోంచి ఎవరో చూసినట్టు. “దేవుడి ముందర అబద్ధం సెప్పనమ్మా. మైకు నాకు ఇయ్యొద్దని పాస్టరుగారికి సెప్పీ,” అని మళ్ళీ మడతలు పెట్టడం మొదలెట్టింది. జ్ఞానసుందరికి ఆ మాటల్లో మొండితనం ఒక్కటే వినిపించింది. మొండితనం తండ్రి పోలిక అని తేల్చుకుని, ఆ సంగతి డేవిడ్‌రాజుకి చెప్పి, తేలిక పడడానికి పెరట్లోకి వెళ్ళింది.

ఆయన లేడు గానీ, పెరటి గోడ అవతల పక్కింటి తవిటమ్మ ఉంది. వాళ్ళు రైతులు, ఇంట్లో అమ్మవారికి దీపం పెట్టేవాళ్ళు. తవిటమ్మకీ ఈ మధ్యే మనవడు పుట్టాడు. గోడ మీద గెడ్డం ఆనించి, ఆ చిన్న బుక్కు ఒకటి నాకూ ఇయ్యవే అని అడిగింది. జ్ఞానసుందరి ముఖం చేటంత అయింది. మీ కోడలు చదువుకున్న పిల్లే కదా, తప్పకుండా చదువుతుంది అంది.

“సదవడానికి కాదే. గుంటడు నిద్రలో ఉలిక్కిపడతన్నాడు. తలకింద ఎట్టుకుంటాం.”

“తలకిందేటి?”

“మరి మీవోలందరూ అక్కడే గదా ఎడతారు? కృపారాణి పిల్ల తలకింద సూసే అడుగుతన్నాను. మా ఇంట్లో కత్తి ఎడతాం. దానికంటే మెత్తగా ఉంటాది గదా అని.”

కృపారాణి అంగన్‌వాడీ టీచరు. కిందటేడు ఆమె చెప్పిన సాక్ష్యానికి మొత్తం సంఘం కన్నీళ్ళు పెట్టుకుంది. జ్ఞానసుందరి గొడుగు కూడా తీసుకోకుండా ఆ ఎండలో నాలుగు వీధులు దాటి వాళ్ళింటికి వెళ్ళింది. కోకతో కట్టిన ఉయ్యాల్లో పిల్ల నిద్రపోతోంది. తలగడ అంచు ఎత్తి చూస్తే ‘తల్లికి తెల్లవారుజాము’, ప్రెస్సు నుంచి వచ్చిన రోజులాగే మిలమిల్లాడుతోంది. తెరిస్తే పేజీలు కొత్త నోట్లలా పెళపెళలాడాయి. అట్ట మీది తల్లి తెల్లగౌను మీద మాత్రం కాసిని పాల మరకలు పడ్డాయి. మొదటిసారి ఆమె నిజమైన తల్లిలా కనిపించింది.

“మరి సాక్ష్యం సెప్పేవు గదే?” అంది జ్ఞానసుందరి.

కృపారాణి సిగ్గుపడి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. “మొదటి పేజీ నువ్వు సదివి యినిపించేవు గదా పిన్నీ. ఎంత బాగా సదివేవో. మా వదిన అదే సెప్పింది, నాను అదే సెప్పేను. నిన్ను సిన్నబుచ్చకూడదు గదా.”

నీళ్ళు తాగి జ్ఞానసుందరి లేచింది. తిరిగి వస్తుంటే ఉప్పుమళ్ళ మీద గాలి అలసిపోయి పడుకుంది. ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఉయ్యాలలు. అన్ని తలగడల కిందా ఆమె పుస్తకం బుద్ధిగా, బోర్లా, నోరు మూసుకుని పడుకుని ఉంది. లోకంలో ఏ పుస్తకమూ ఇంతమంది పిల్లల నిద్రలు చూసి ఉండదు. ఏ పుస్తకాన్నీ ఇంతమంది తల్లులు ఇంత భక్తిగా చదవకుండా ఉండి ఉండరు.

ఇంటికి వచ్చేసరికి పాప ఏడుస్తోంది. గ్లోరీ పాపని భుజం మీద వేసుకుని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతోంది. కళ్ళ కింద నీడలు, జడ ఊడి వీపు మీద వేలాడుతోంది. కన్నీళ్ళు చెంపల మీదుగా జారుతున్నాయి గానీ వాటిని ఏడుపు అనడానికి కూడా ఆమెకు తీరిక ఉన్నట్టు లేదు. ‘నాకు ఏడుపొస్తాది’ అన్న మాట పొద్దున్నదే. జ్ఞానసుందరికి ఇప్పుడు వినిపించింది.

పాపని తీసుకుంది. పడుకోమంది. ఆ మాటకే కాచుకున్నట్టు గ్లోరీ మంచం మీద వాలి, కాళ్ళు పైకి లాక్కోకుండానే నిద్రపోయింది. తల్లి ఆ కాళ్ళు ఎత్తి మంచం మీద పెట్టింది.

అప్పుడు, అంత జరిగినా, ఆమెకు ఒక పట్టుదల కలిగింది. తప్పు పుస్తకానిది కాదు, చదవని ఈ పిల్లతల్లులది. బిడ్డని ఎత్తుకుని చదవడం సాధ్యమేనని నిరూపిస్తే సరి. వసారాలో గోడకు జారగిలబడి, పాపని పొట్ట మీద వేసుకుని పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో తను ఎప్పుడూ ఆపే చోటు కింద ‘నిశ్శబ్దంగా కూర్చోండి’ అని ఉంది. పాప కేక పెట్టింది. ‘కళ్ళు మూసుకుని మీ శ్వాసను గమనించండి.’ పాప ఆమె ముక్కు పట్టుకుంది. ‘దేవుడు మీకు చేసిన మేళ్ళు తలచుకోండి.’ మొదటి మేలు తలచుకునే లోపు వెచ్చగా చీర తడిసింది. చీర మార్చుకుని మళ్ళీ మొదటి వాక్యం దగ్గరికి వచ్చింది. పాప ఏడుపు మెల్లగా ఊళగా, ఊళ మెల్లగా కూనిరాగంగా మారింది. వసారా బయట ఎండ ఉప్పులా గట్టిపడుతోంది. అక్షరాలు నీళ్ళలో చేపపిల్లల్లా అటూ ఇటూ కదిలాయి. గ్లోరీ పసిదిగా ఉన్నప్పుడు ఎలా ఏడ్చేదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. సబ్బు వాసన ఒక్కటే గుర్తొచ్చింది. ఏడుపులన్నీ ఎక్కడికి పోయాయో.

డేవిడ్‌రాజు స్టేషను వైపు నుంచి వచ్చేసరికి గదిలో ఒకరు, వసారాలో ఇద్దరు నిద్రలో ఉన్నారు. పుస్తకం భార్య ముఖం మీద ఇంటికప్పులా ఉంది, ఊపిరికి లేచి పడుతోంది. పొయ్యి మీద అన్నం ఇగిరిపోతుంటే దించాడు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. ఆమె లేచేసరికి పొద్దు వాలింది.

“ఎంతవరకూ సదివేవు?” అన్నాడు.

ఆమె పుస్తకం వైపు చూసింది. “మొదటి పేజీయే,” అంది.

గ్లోరీ అప్పటికే లేచి గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చి అమ్మ పొట్ట మీద నుంచి పాపని ఎత్తుకుంది. ఆ తరవాత సాక్ష్యం సంగతి జ్ఞానసుందరి ఎత్తలేదు. మైకు ఇవ్వొద్దని పాస్టరుగారికి చెప్పాలనుకుంది, చెప్పడానికి సిగ్గేసింది. సిగ్గేసిందని భర్తతో చెప్పడానికి ఇంకా సిగ్గేసింది.

ఆదివారం చర్చి నిండింది. వియ్యాలవారు ముందు వరసలో, కొత్త బట్టల వాసనతో కూర్చున్నారు. ఇమ్మానుయేలుగారు ప్రతిష్ఠ వాక్యం చదివి, తల్లి సాక్ష్యం అని మైకు చాచారు. జ్ఞానసుందరి చాప అంచు మీద చూపు పెట్టింది. ఊరంతా ఒకే మాట చెప్పిన చోట తన కూతురు మాత్రం ఏమీ లేదని చెప్పబోతోంది. లేచి ఆపాలా? ఆపే లోపే గ్లోరీ మైకు అందుకుంది.

“సంఘానికి వందనాలు. నాకు సాక్ష్యం నేదనుకున్నాను.” ఇంటి తెలుగే. వెనక వరసల్లో తలలు లేచాయి. “పాప పుట్టిన కాడి నుంచీ దాన్ని సూత్తే నాకు భయమేసీది. ముద్దు రాలేదు. నర్సుని గదా, ఎవరికి సెప్పుకుంటాను. మొన్న మజ్జానం మా అమ్మ దాన్ని ఎత్తుకుంది. నాను తొంగున్నాను. బాగా తొంగున్నాను. లేచి సూద్దును గదా, అది మా అమ్మ బొజ్జ మీద నోరు తెరుసుకుని ఉన్నాది. మా అమ్మా అలగే ఉన్నాది. అప్పుడు ముద్దొచ్చింది. ఇద్దరి మీదా. దేవుడికి స్తోత్రం. అంతే.”

స్త్రీల వైపు నుంచి కృపారాణి ఆమేన్ అంది, అనుకున్న దానికంటే గట్టిగా. ఆ వెనక ఇంకొకరు, ఆ మూల ఇంకొకరు. మొదటి పేజీకి ఇన్నేళ్ళుగా వచ్చిన ఆమేన్‌లు పెళ్ళిలో తాంబూలంలాంటివి, మర్యాదకి అందుకున్నవి. ఇవి దాహమేసినవాళ్ళు నీళ్ళు తాగిన చప్పుడులా ఉన్నాయి. ఇమ్మానుయేలుగారు తల ఊపడం మరిచిపోయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత అలవాటు ప్రకారం జ్ఞానసుందరిని ముగింపు ప్రార్థన చేయమన్నారు.

జనం సర్దుకుని కూర్చున్నారు. ఆమె ప్రార్థనకి దిగితే ఆదిలో భూమ్యాకాశాల దగ్గర ఎత్తుకుని, ప్రవక్తలందరినీ పలకరించి, దేశ నాయకుల మీదుగా నౌపడ చేరేసరికి ఇళ్ళలో కోడికూర చల్లబడిపోతుంది. పిల్లలు గోడలకు ఆనుకున్నారు. జ్ఞానసుందరి లేచి, పాపని చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుంది. ఎప్పటి మాటల కోసం వెతికింది. ఒక్కటీ రాలేదు. చేతుల్లో బరువు మాత్రం వెచ్చగా కదిలింది.

“తండ్రీ, ఈ గుంటకీ దీని తల్లికీ నిద్ర ఇయ్యి. ఇంకేటి అడగను. ఆమేన్.”

అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు, మిగతాది వస్తుందని. ఎంతకీ రాకపోయేసరికి కోట వియ్యపురాలు ఒక కన్ను తెరిచి, పక్క వరసలో ఉన్న డేవిడ్‌రాజు వైపు వంగింది.

“అయిపోయిందేటి అన్నయ్యగారూ?”

“అయిపోనట్టే ఉంటాది గాని, అయిపోయింది సెల్లెమ్మా,” అన్నాడు డేవిడ్‌రాజు, తను కూడా మెల్లగా కళ్ళు తెరుస్తూ. “నాకే నమ్మకం కుదరడం నేదు.”