శివారు చేను

మా పెద్దమ్మ కణితి ఎలా పెరుగుతోందో బందరు డాక్టరుగారు చెప్పారు. అందులోని ఎంజైములు చక్కెరను గబగబా విరగ్గొడతాయట. అప్పుడు పుట్టే ఆమ్లం కొత్త రక్తనాళాలను అటు పిలుస్తుందట.

దివిసీమలో కాలువ చివర సాగుచేసే పెదనాన్నకు, ఎవడో కాలువ నుంచి దొంగ బోదె తవ్వుకున్నట్టు తోచింది. "పైన తూము మూసేస్తే సరి," అన్నాడు. పెద్దమ్మకు ప్రాణమైన బందరు లడ్డు మాన్పించాడు, అన్నమూ తగ్గించాడు. ఆవిడ చిక్కిపోయింది. కణితి మాత్రం పెరిగింది.

"తిండి మాన్పిస్తే అది ఒంట్లోంచే లాక్కుంటుందండీ," అని డాక్టరుగారు మందలించేసరికే ఆలస్యమైపోయింది.

పెదనాన్న మీద నా కోపం పెద్దకర్మ దాకా చల్లారలేదు. ఆ రోజు చేనుగట్టున కూర్చుని తనే అన్నాడు: "కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది శివారు చేనేరా. నాకు తెలియనిదా?"