విందు మర్నాడు వెలిగించని పొయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం లేని పూట తక్కువ. మా నాయనకు కోపం, ఆయనను కన్న మా అవ్వకు అంతకంటే కోపం. ఇద్దరి పోలికా నాకే వచ్చిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం ఏమీ లేదు.

తొంభైల చివరి మాట. మా సొంతూరు ఐరాలలో చెరకు తోట కౌలుకిచ్చేసి, వ్యవసాయం తన వల్ల కాదని అవ్వతో పోట్లాడి, మా నాయన చిత్తూరు బజారులో జాకెట్టు గుడ్డల అంగడి పెట్టాడు. చీర తీసుకుపోయి చూపిస్తే దానికి సరిపోయే రంగు వెతికి, కత్తిరించి ఇచ్చే అంగడి. అది నిలబడకపోతే తట్టాబుట్టా సర్దుకుని మళ్ళీ ఐరాల బస్సెక్కాలి, అవ్వ చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి. మా నాయనకు ఆ రెండోది మరీ కష్టం.

అంగడి తెరిచిన రోజు ఆయన చేసిన హడావిడి ఇంతా అంతా కాదు. సన్నాయి మేళం పెట్టించాడు. ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పించాడు. కేబుల్ టీవీలో సినిమా నడుస్తుంటే తెర అడుగున మా అంగడి పేరు పరుగెత్తింది. నేను ఇంటింటికీ పోయి చూడండి చూడండి అని అరిచాను. జనం వచ్చారు. వారం తిరక్కుండానే అన్నీ ఆపేశాడు. "ఊరందరికీ తెలిసిపోయింది, ఇంక చెప్పేదేముండాది?" అన్నాడు.

తర్వాత జనం పలచబడ్డారు. ఆయన ఈగలు తోలుకుంటూ, ఈ ఊరివాళ్ళకు గుడ్డ నాణ్యం తెలియదని తిట్టుకుంటూ కూర్చునేవాడు. ఉగాదికి మళ్ళీ మైకు కట్టించాడు. పండగ దాటగానే మళ్ళీ అదే ఖాళీ. ఖాళీ చేసేదుంటే ముందే చెప్పమని, ఇంకొకరు అడుగుతున్నారని అంగడి గది యజమాని కూడా అనేశాడు.

అలాంటప్పుడు ఒక రోజు ఐరాల నుంచి మా అవ్వకు దగ్గరివాళ్ళు కొందరు ఆడవాళ్ళు పెళ్ళి చీరలకు గుడ్డలు తీసుకోవడానికి వస్తున్నారని కబురు వచ్చింది. చిత్తూరులో మాతోనే ఉంటున్న అవ్వ పొద్దున్నే పోయి అంగడిలో కూర్చుంది. మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు. సాయంత్రం ఆమె బస్టాండుకు పోతే అక్కడ కనిపించారు, చేతుల్లో నిండు సంచులతో.

"మీ కొడుకు అంగడి యాడుండాదని అడిగినామత్తా. అది ఎత్తేసి చానాళ్ళయిందన్నారు. అందుకే వేరే అంగట్లో తీసుకున్నాం" అన్నారట.

అవ్వ ఇంటికి నిప్పులు కక్కుకుంటూ వచ్చింది. విన్న నాయన ఒంటికాలి మీద లేచాడు.

"ఎవుడన్నాడో చెప్పు మా, వాని పళ్ళు రాలగొడతా!"

"ఎంతమంది పళ్ళు రాలగొడతావురా? వాళ్ళేం అబద్ధం చెప్పలా. కనపడకుండా పోయింది నువ్వు."

"ఉగాదికి మైకు పెట్టి ఊరంతా అరిపించినానే! వాళ్ళకు చెవుల్లేవా?"

అవ్వ పోట్లాట అక్కడే వదిలేసి, వంటింట్లోకి పోయి డబ్బాలు తెరిచి చూసుకుంది. ఆమె మాట మధ్యలో ఆపడం మేము ఎప్పుడూ చూడలేదు కాబట్టి, తిట్టినప్పటికంటే ఎక్కువ భయమేసింది.

మర్నాడు మా ఇంట్లో పండగ కాని పండగ. అవ్వ అమ్మను పక్కకు జరగమని తానే వంటకు దిగింది. ఓళిగలు, అదే బొబ్బట్లు, వడలు, పాయసం, చింతపండు పులిహోర. నాయన ఎందుకని అడగలేదు. తల్లి మనసు మెత్తబడిందనుకున్నాడేమో, కడుపు నిండా తిని మీసం తుడుచుకుంటూ పోయాడు. నేను నేతి ఓళిగలు ఆయాసం వచ్చేదాకా తిన్నాను.

ఆ మరుసటి రోజు పొద్దున పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నమూ వెలగలేదు. వంటింటి గడపలో అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంది, అమ్మను లోపలికి పోనీయలేదు. నాయన అంగడి నుంచి ఆకలితో వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"అన్నం పెట్టు మా."

"నిన్న పెట్టినాను కదరా."

"నిన్న పెడితే?"

"అంత పెట్టినానే! ఓళిగలు, వడలు, పాయసం. ఆరు నెలలు గుర్తుండేట్టు పెట్టినా. మళ్ళా ఈ పొద్దు ఆకలంటావేందిరా?"

నాయన కంచం విసిరికొట్టాడు. అది గోడకు తగిలి గింగిరాలు తిరిగింది. "నీకేమన్నా మతి పోయిందా?" అని అరిచాడు. నాకు కడుపులో మంట. నేనూ అవ్వ మీద అరిచాను, నువ్వు మాకొద్దు, ఐరాలకు పో అని. అవ్వ నా వైపు చూడనైనా చూడలేదు.

"నిన్న తిన్న ఓళిగ ఈ పొద్దు నీ కడుపులో లేదు. ఉగాదికి ఇన్న మైకు ఊరోళ్ళ చెవుల్లో ఇంకా యాడుంటాదిరా? వాళ్ళకేం పనులు లేవా, నిన్నే తలుసుకుంటా కూసోను? సంగటి ముద్దయినా సాలు. దినామూ పెట్టల్ల. అప్పుడు ఆకలయ్యే పూటకు మనిషి నీ ఇల్లు ఎతుక్కుంటా వస్తాడు."

నాయన చెప్పులేసుకుని పోయాడు. అమ్మ నాకు వీధి చివర బన్ను కొనిచ్చింది. సాయంత్రం నాయన నల్లరంగు పూసిన చెక్కపలక ఒకటి తెచ్చి అవ్వ ముందు దబ్బుమని పడేశాడు.

"ఇదో! దినామూ పెడతా. ఎవురు సదువుతారో నేనూ సూస్తా!"

ఆ పలక మంచి మనసుతో మొదలుకాలేదు. అవ్వది తప్పని రుజువు చేయడానికి మొదలైంది. నాయన రాత కోడి కెలికినట్టుంటుంది కాబట్టి బడికి పోయే ముందు నేను రాయాలి. పైన అంగడి పేరు, కింద ఒకే ఒక వాక్యం. ఈ పొద్దు నెమలికంఠం రంగు వచ్చింది, ఈ పొద్దు పట్టుచీరలకు లైనింగు గుడ్డ ఉంది, అలాంటివి. అంగట్లో లేని రంగు రాయకూడదని అవ్వ ఖండితంగా చెప్పింది. పలకను వీధి మలుపులో, అందరికీ కనపడేలా పెట్టేవాళ్ళం.

ఎవరూ రాలేదు. నాయన ప్రతి సాయంత్రం "ఏం మా, ఎవురన్నా సదివినారా?" అని ఎకసెక్కంగా అడిగేవాడు. అవ్వ "రేపు పెట్టు" అనేది. వేళ్ళకు సుద్దపొడి అంటించుకుని బడికి పోతే పిల్లలు నన్ను అంగడి బోర్డని పిలిచేవారు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండేది.

ఒక సెలవు రోజు నాయన విసిగిపోయి, నిన్నటి రాతే ఉండనీ అన్నాడు. నేను సంతోషంగా అంగట్లో కూర్చున్నాను. కాసేపటికి ఒకామె విసవిసా మెట్లెక్కి లోపలికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ మా అంగడి గడప తొక్కిన మనిషి కాదు.

"ఏమన్నా, పలక మార్చలేదేం? దినామూ బస్సు దిగి దాన్ని సదువుకుంటానే పోతా ఉండా. వంగపండు రంగు వస్తాదా అని నేను ఎదురుసూస్తా ఉంటే, నిన్నటిదే పెడతారా? అంగడి ఎత్తేస్తా ఉండారా ఏంది?"

ఎవరు ఒక మాటంటే రెండనే మా నాయన గబగబా లేచి నిలబడ్డాడు. "లేదమ్మా, యాడికీ పోలేదు, ఈడనే ఉండాము. పాపా, పలక తీసుకురా!" అన్నాడు.

ఆ పూట ఇంట్లో ఆయన దీన్ని ఫిర్యాదులాగానే చెప్పాడు. "ఒకామె వచ్చి నన్ను నానా మాటలనింది మా" అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ. అవ్వ మాత్రం నవ్వలేదు. "మరి అనదా?" అంది.

అంగడి ఒక్కసారిగా నిండిపోలేదు. ఒకరొకరుగా, అలవాటుగా వచ్చారు. గది యజమాని మళ్ళీ ఖాళీ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ అంగడి నాది. ప్రతి పొద్దూ ఒక గుడ్డను ఎండలోకి తెచ్చి, రంగు ఉన్నదున్నట్టు ఫోటో తీసి ఫోనులో పెడతాను. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో, ఈమధ్య ఇన్‌స్టాలో. కొన్ని రోజులు ఒక్కరూ లైకు కొట్టరు. ఆ మర్నాడూ పెడతాను. మా వీధిలో కొత్తగా అంగళ్ళు పెట్టిన పిల్లలు మొదటి రోజు డ్రోనుతో వీడియో తీయిస్తారు, నెలల తరబడి పత్తా ఉండరు. ఆపైన నా దగ్గరికి వచ్చి "సోషల్ మీడియాతో ఏం లాభం లేదక్కా" అంటారు. నేను గట్టిగా కేకలేస్తాను. కొందరు అలిగి పోయారు. పోనీ.

మొన్న మా నాయన పోయాడు. కర్మలు అయ్యేదాకా అంగడి తెరవలేదు. అయితే ఆయనను సాగనంపి వచ్చిన పూటే, కళ్ళు తుడుచుకుని, అంగడి ఎందుకు మూశామో, మళ్ళీ ఏ రోజు తెరుస్తామో ఫోనులో రాసి పెట్టాను. ఇప్పుడు కూడా ఇదేనా అని బంధువులు నొచ్చుకున్నారు. నాకు తప్పనిపించలేదు. మన కోసం చూసేవాళ్ళకు ఒక్క మాటైనా చెప్పకుండా మాయమైపోయే మనుషులంటే నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది. ఆ మంట మా అవ్వ పెట్టిందే, దాన్ని ఆర్పుకోవాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.