మార్చిలో గీసిన ఎర్రగీత

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు, ఫిబ్రవరి నెలాఖరులో, నన్ను ఒక తీరగ్రామంలో ఆటుపోట్లు కొలిచే పార్టీకి ఇన్‌చార్జిగా వేశారు. హోదా సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్. పేరు చూసి హడలిపోనక్కర్లేదు. పైవాళ్లు సంతకాలు పెట్టగా మిగిలిన పనంతా చేసేవాణ్ని అలా పిలుస్తారు. మా ఆఫీసు హైదరాబాదులో ఉండేది. సముద్రం పని చూసే ఆఫీసును సముద్రానికి రాత్రంతా రైల్లో పోవాల్సినంత దూరంలో ఎందుకు పెట్టారని ఇప్పుడు భూపాలపల్లిలో మా వీధి బొగ్గుగని మిత్రులు అడుగుతుంటారు. ముప్పై ఏళ్లు పనిచేసినా నాకూ తెలియలేదు.

నాది తరిగొప్పుల. ఉద్యోగంలో చేరేదాకా నేను చూసిన పెద్ద నీళ్లంటే చెరువు నీళ్లే. ఆఫీసులో ఎక్కువమంది కోస్తావాళ్లు. నేను నోరు జారి ‘గిదేంది’ అన్నానంటే ఆ రోజు టీ టైముకు వాళ్లకు వేరే కాలక్షేపం అక్కర్లేదు. మా ప్రాజెక్టు అధికారి నన్ను ‘చెరువు సైంటిస్టు’ అనేవాడు. అందుకని యాసను ఇస్త్రీ చేసి లోపల పెట్టుకుని, ఇంటికెళ్లాకే బయటికి తీసేవాణ్ని. నాతో వచ్చిన ఫీల్డ్ అటెండర్ సమ్మయ్య మహదేవపూర్ వైపు మనిషి, గోదావరి ఒడ్డున పెరిగాడు. అతనికి ఈ ఇస్త్రీ గొడవలేవీ లేవు.

ఊళ్లో జాలరి ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకోవడానికి సిమెంటు గచ్చు కట్టాలన్నది పని. పోటు నీరు ఎంత ఎత్తుదాకా వస్తుందో మేం గీత గీసిస్తే, దానికి జానెడు పైన గచ్చు వేస్తారు. సెంటీమీటర్ల గుర్తులున్న కర్రను నీళ్లలో పాతి, గంటగంటకూ మట్టం రాయాలి. నెలరోజులు రాస్తే అమావాస్య, పున్నమి రెండూ వస్తాయి, పెద్ద పోట్లు ఆ రోజుల చుట్టూనే ఉంటాయి. ఆ అంకెల నుంచి సగటు మట్టం, గరిష్ఠ మట్టం తేల్చి, ఒడ్డున ఒక రాయి మీద గుర్తు పెడతాం. మార్చి ముప్పై ఒకటికల్లా ఫైలు మూయాలని పైనుంచి ఒత్తిడి. మార్చి అంతా రాశాం.

గీత గీసే రోజు ప్రాజెక్టు అధికారి జీపులో వచ్చాడు. నేను రాయికి ఎర్రరంగు పూస్తుంటే సమ్మయ్య పక్కన నిలబడి కాస్త గట్టిగానే అన్నాడు.

“సార్, ఎండకాలంల నీళ్లు జూసి శిఖం హద్దు పెడుతరా ఎవలన్న? వానలు వడ్డంక గూడ జూడాలె గద.”

శిఖం అంటే చెరువు లోపలి నేల. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే బయటపడుతుంది. మా వైపు అందులో దోసకాయలు పెడతారు, కాపలాకు గుడిసె వేస్తారు, గోడ మాత్రం ఎవడూ కట్టడు. సముద్రమట్టం కూడా కాలాన్ని బట్టి మారుతుందని నేను పుస్తకంలో చదివినవాణ్నే. కానీ జీపు పక్కనున్న అధికారికి ‘శిఖం’ అన్న మాట వినబడిందంటే మళ్లీ చెరువు సైంటిస్టునవుతాను. “నీ చెరువు ముచ్చట్లు ఇక్కడొద్దు, ఇది సముద్రం” అని సమ్మయ్యను కసిరాను. అతను రంగు డబ్బా మూత పెట్టాడు.

వానాకాలంలో గచ్చు తయారైంది. కార్తీక పున్నమినాడు ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి లేదు. పొద్దుటి పోటుకు నీళ్లు తీరిగ్గా వచ్చి గచ్చు మీద కూర్చున్నాయి. అక్కడి ఆడవాళ్లకు పెద్దదిక్కైన నూకాలమ్మ ఫోన్ చేసింది. ఆమె ఎండబెట్టిన నెత్తళ్ల చేపలన్నీ నీళ్లపాలయ్యాయి.

“ఆ గీత మీద నిన్నెండబెట్టాలయ్యా!” అంది.

నేనూ సమ్మయ్యా వెళ్లేసరికి ప్రాజెక్టు అధికారి ఊరి పంచాయతీ ఆఫీసులో కూర్చుని ఒక నోటు తయారుచేయించాడు. కారణం ‘అసాధారణ అలల ఉధృతి’ట. అది ఫైల్లోకి పోతే నేరం సముద్రానిది, గచ్చు ఉన్నచోటే ఉంటుంది, నూకాలమ్మ చేపలు ఏటేటా నానుతాయి. నేను సంతకం పెట్టలేదు. ధైర్యమనుకునేరు, ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి నా చేతివంకే చూస్తోంది.

కర్ర ఇంకా నీళ్లలోనే ఉంది. సమ్మయ్యతో మళ్లీ నెలరోజులు మట్టం రాయించాను. రెండు సగటులకూ తేడా మోకాలికి కాస్త తక్కువ. నైరుతి వెళ్లిపోయాక మన తూర్పు తీరం వెంట ప్రవాహం దిక్కు మారుతుంది. గోదావరిలాంటి నదులు తెచ్చిన మంచినీరు, వెచ్చని తేలిక నీరు ఒడ్డువైపు చేరి మట్టం పెరుగుతుంది. ఎండాకాలం ముందు లోతునుంచి చల్లని బరువైన నీరు పైకొచ్చి మట్టం దిగుతుంది. పున్నమి పోటు ఎప్పటిలాగే లేస్తుంది, అయితే కార్తీకంలో అది లేవడం మొదలుపెట్టే మెట్టే పైన ఉంటుంది.

సమీక్షా సమావేశానికి సమ్మయ్యను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. అటెండర్లు అక్కడ కూర్చోవడం ఆనవాయితీ కాదు.

“మార్చిల నువ్వేమన్నవో సార్లకు జెప్పు సమ్మన్నా” అన్నాను.

“ఎండకాలంల శిఖం హద్దు పెట్టద్దన్న. సారు నన్ను ఊకోమన్నడు.”

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రాజెక్టు అధికారి రెండు సగటులనూ పక్కపక్కన పెట్టి చూశాడు. మార్చి లెక్క తప్పా అని అడిగాడు. లెక్క సరైనదే, ఆ ఒక్క నెలతో సరిపెట్టుకోవడం తప్పన్నాను. హెచ్చరిక విని కూడా పట్టించుకోనిది నేనేనని రాసిచ్చాను. మెమో అందింది. పై ఏడు కార్తీకానికల్లా గచ్చు ఎత్తు పెంచారు. నూకాలమ్మ మళ్లీ ఫోన్ చెయ్యలేదు. మా వృత్తిలో ప్రశంసాపత్రమంటే అదే.

మట్టం రాసిన చోట నెల కూడా రాయాలన్నది పుస్తకాల్లో ఉన్న పాఠమే. పుస్తకాల్లో లేనిది ఇంకొకటి తెలిసింది. సరైన మాట మార్చిలోనే, మా యాసలోనే నా చెవిన పడింది. దాన్ని కోస్తావాళ్లు ఎగతాళి చేసి కొట్టిపారేశారని చెప్పుకుందామంటే వీల్లేదు. వాళ్లకు వినబడేలోపే నోరు మూయించింది నేనే.