గిజిగాళ్లకు ఇచ్చిన దారం

సోమవారం కార్ఖానాకు సెలవు. పొద్దున ఏడింటికల్లా కనకయ్య సూరత్ లింబాయత్‌లో సైకిలెక్కి, పాండేసర అద్దకం మిల్లుల పొగగొట్టాల పక్కగా వడోద్ దాటి, ఊరి మురుగునీళ్లు మోసుకుపోయే ఖాడీ అనే వాగు ఒడ్డున దిగుతాడు. వెంట ఒక గోనెసంచి ఉంటుంది. తుమ్మముళ్లకు, రెల్లుగడ్డికి చిక్కుకున్న పాలిస్టర్ దారాలను ఒక్కొక్కటే విడదీసి అందులో వేస్తాడు. మధ్యాహ్నానికి సంచి నిండుతుంది.

పక్క మగ్గాల మీద పనిచేసే బక్కయ్య ఒకసారి అటుగా పోతూ సైకిలు ఆపాడు.

"ఏంది బావా, మగ్గం ఇడిసిపెట్టి చిందీ పేలికలు ఏరుకునే కాడికొచ్చినవా?"

"నేను పారేసినయే ఏరుకుంటున్న, పో."

బక్కయ్య నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అది హాస్యం కాదని అతనికి తెలియదు.

కనకయ్యకు నలభై ఎనిమిదేళ్లు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి ఇరవై రెండో ఏట సూరత్ వచ్చాడు. రోజుకు పన్నెండు గంటల షిఫ్టు, ఎనిమిది మగ్గాలు. ఇన్నేళ్లు ఆ మోతలో నిలబడేసరికి చెవులు సగానికి పైగా పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. సన్నని శబ్దాలు అసలే అందవు.

ఐదేళ్ల కిందట ఒక వానాకాలం, వడోద్‌లో అద్దెగది చూడబోతూ ఖాడీ దగ్గర ఆగాడు. నీళ్ల మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. పసుపుతల మగపిట్ట ఒకటి ఈతాకు అంచున చిన్న గాటు పెట్టి, ముక్కుతో పట్టుకుని ఎగిరింది. ఆకు నుంచి సన్నని పోగు చీలి దాని వెంటే వెళ్లింది. ఆ పోగును పిట్ట లోపలికి దూర్చింది, బయటికి లాగింది, బిగించింది. తుంపర పడుతోంది. కింద నీళ్లు కాసేపు ఆకుపచ్చగా, కాసేపు వంకాయ రంగులో పారుతున్నాయి. వాటిలో గూళ్ల నీడలు నిద్రలో ఉన్నట్టు ఊగుతున్నాయి. చెట్టు నిండా నేత నడుస్తోంది, చప్పుడు మాత్రం లేదు. గది సంగతి మరిచిపోయి కనకయ్య చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు.

వాళ్ల కార్ఖానాలో సిరిసిల్లవాళ్ల మర్యాద ఒకటుంది. కొత్తగా మగ్గమెక్కినవాడికి మొదటి బాబిన్‌ను పాతవాళ్లలో ఒకడు చుట్టి ఇస్తాడు. ఎవరూ అడగరు, ఎవరూ మానరు. కనకయ్య కంటికి ఆ పిట్టలూ కొత్తగా పనిలో చేరిన మనవాళ్లలాగే కనబడ్డాయి. తరువాతి సోమవారం గుప్పెడు తెగిన పోగులు తెచ్చి ముళ్లకు తగిలించాడు. రాణీ రంగు, నిమ్మపండు రంగు. సాయంత్రానికి సగం మాయమయ్యాయి. అలా ఆరు వారాలు మోశాడు.

"నా మాల్ తోని ఇండ్లు కడ్తున్నయ్ పద్మా," అని భార్యకు గొప్పగా చెప్పాడు.

పద్మారాణి ఇంట్లోనే కూర్చుని, చీరల వెనక వేలాడే ఎంబ్రాయిడరీ పోగులు కత్తిరించే పని చేస్తుంది. తల ఎత్తకుండానే, "మన రేకుల సందులకెళ్లి నీళ్లు కారుతున్నయ్. నువ్వు పిట్టలకు ఇండ్లు కట్టియ్యి," అన్నది. అయినా ఆ సోమవారం చీరలు పక్కన పెట్టి తనూ వచ్చింది.

కనకయ్య వేలు చూపించాడు. ఒక గూటి కింద ఆడపిట్ట తలకిందులుగా ఊగుతోంది.

"ఊగి చూస్తున్నది, ఇల్లు గట్టిగున్నదా లేదా అని. వచ్చినప్పటి సంది గదే పని."

పద్మారాణి నవ్వలేదు. "ఊగుడు కాదయ్యా, ఒర్రుతున్నది. ఇనవడ్తలేదా? లోపల పిల్లలు గూడ ఒర్రుతున్నయ్."

అతనికి అర్థం కాలేదు. ఆమె అతని మొహానికి ఎదురుగా నిలబడి నెమ్మదిగా అన్నది: "కాలుకు నీ దారం సుట్టుకున్నది."

గడ్డిపోగైతే లాగితే తెగేది. పాలిస్టర్ తెగదు. అది తెగకుండా చూడటమే కనకయ్య రోజూ చేసే పని.

నడుములోతు నీళ్లలోకి దిగాడు. దగ్గరికి వెళ్లాక అసలు చిక్కు తెలిసింది. పిట్ట కాలికి చుట్టుకున్న పోగే గూటి మెడను కొమ్మకు పట్టి ఉంచింది. దాన్ని కోస్తే తల్లి బయటపడుతుంది, గూడు పిల్లలతో సహా నీళ్లలో పడుతుంది.

"జల్ది!" ఒడ్డు మీద పద్మారాణి చేతులూపింది. "రెక్కలు కొట్టుకునుడు ఆగిపోతున్నది!"

కనకయ్య ఈతాకు తుంచి పేలికలు చీల్చాడు. గూటి మెడను కొమ్మకు మూడు చుట్లు చుట్టి నేతముడి వేశాడు. ముళ్లు మోచేతి దాకా గీరాయి. ఈలోగా పద్మారాణి చీర దోపుకుని నీళ్లలోకి దిగింది. ఆమె బొడ్డులో ఎప్పుడూ ఉండే చిన్న కత్తెర బయటికొచ్చింది. అతను పిట్టను గుప్పిట్లోకి తీసుకున్నాడు. దాని గుండె వేలి చివర కొట్టుకుంటుంటే, మగ్గం అదురును చేత్తో పట్టినట్టు పట్టుకోగలిగాడు. ఆమె కాలికీ పోగుకూ మధ్య కత్తెర మొన దూర్చి కత్తిరించింది. చర్మంలోకి దిగిన రాణీ రంగు తునకను మాత్రం కదపలేదు.

పిట్ట ఖాడీ దాటి ఎగిరిపోయింది. గూడు కాస్త జారి ఆగింది.

ఇద్దరూ తడిబట్టలతో ఒడ్డున కూర్చున్నారు. తల్లి తిరిగి రాకపోతే పిల్లలు ఎల్లుండికి ఉండవు. మగపిట్టకు ఈ గొడవేమీ పట్టలేదు. అప్పటికే పక్క కొమ్మన ఇంకో గూడు మొదలుపెట్టింది.

"వస్తదంటవా?"

"నన్నడుగుతవేంది? దారం ఇచ్చింది నేనా?"

మధ్యాహ్నం కదలక మెదలక సాగింది. నీళ్ల మీద మబ్బులు నడిచాయి. మిగతా గూళ్లలో రాణీ రంగు, నిమ్మపండు రంగు ఎండ తగిలినప్పుడల్లా మెరిశాయి. నిన్నటిదాకా వాటిని చూసి మురిసిన మనిషి ఇప్పుడు ఒక్కొక్క మెరుపునూ లెక్కపెట్టాడు. దీంతో కలిపి పద్నాలుగు గూళ్లు.

ఎండ వాలాక ఒక ఆడపిట్ట వచ్చింది. కాలికి రాణీ రంగు తునక. నోట్లో మిడత. గూటి మూతి పట్టుకోబోయి ఒకసారి జారింది. చుట్టూ తిరిగి వచ్చి, రెండో కాలితో వేలాడి లోపలికి దూరింది.

కనకయ్య భార్య పెదాల వైపు చూశాడు. "ఏమంటున్నయ్?"

"ఏమంటలేవు. నోట్లె తిండి పడ్డది, సప్పుడు బందైంది." ఆమె లేచి కత్తెర అతని చేతిలో పెట్టింది. "ఒక్కటైంది. ఇంక పదమూడున్నయ్. లే."