ఆగమని ఎత్తిన రుమాలు

మోటార్ వైండింగ్ భాయ్ పోయాడని మాకు పాలు పోసే మనిషి చెప్పాడు. గిన్నెలో పాలు పోస్తూ, "భాయ్ పోయిండమ్మా, తెల్లారంగనే. గుండె నొప్పంట" అన్నాడు. నేను వెంటనే వెనక్కి తిరిగి మా ఆయన ముఖం చూశాను. ఏ కబురు వచ్చినా నాకు ముందు అదే భయం, ఈయన విన్నాడా, తట్టుకుంటాడా అని. విన్నాడు. మంచానికి ఆనించిన కర్ర కోసం చెయ్యి చాపితే అది జారి కింద పడింది. నేను తీసి ఇచ్చాను.

పాలమూరులో మా వాడ చివర భాయ్ దుకాణం. ఎండలు ముదిరాయంటే చుట్టుపక్కల ఊళ్ల రైతులు కాలిపోయిన బోరు మోటార్లను బండ్ల మీద వేసుకొచ్చి ఆ దుకాణం ముందు కూర్చునేవారు. ఇది చదివేవారిలో కొందరు అక్కడ కూర్చునే ఉంటారు, తిట్లు కూడా తినే ఉంటారు. "మోటరు గంతగానం ఒర్రుతాంటే ఇనవడలేదా? జర బంద్ జేస్తే ఏం బోతుండె?" అని తిడుతూనే చాయ్ తెప్పించేవాడు. నేను రాసేది ఆ పెద్ద మోటార్ల సంగతి కాదు. అరచేతిలో పట్టే ఒక చిన్న మోటారు సంగతి. నావి రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఆయన లారీ డ్రైవరు. శ్రీశైలం రోడ్డులో కొండ ఘాటు దిగుతుండగా లారీ బోల్తా పడి, కుడికాలు మోకాలి కింద తీసేశారు. బ్రేకులు పట్టలేదని అందరూ అన్నారు. ఆయన మాత్రం ఏమీ అనలేదు. దవాఖాన నుంచి వచ్చాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చుట్టాలు వచ్చినా అటే, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసినా అటే. నేను నల్లా దగ్గరికి పోయినా ఇంట్లో ఏం జరుగుతుందోనని బిందె సగం నిండగానే తిరిగొచ్చేదాన్ని. పురుగుల మందు డబ్బా, చేంతాడు, కూరగాయల కత్తి తీసుకెళ్లి భాయ్ భార్య దగ్గర దాచిపెట్టాను. ఆమె ఎందుకని అడగలేదు.

ఆమె చెప్పే ఉంటుంది. ఒక సాయంత్రం భాయ్ అట్టపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన బామ్మర్ది దుబాయ్‌లో బొమ్మల దుకాణంలో పనిచేసేవాడు. అక్కడ పాడైపోయిందని పక్కన పడేసిన రిమోటు ట్రక్కును మోసుకొచ్చాడట. మూరెడు పొడవు, పెద్ద రబ్బరు చక్రాలు, చక్రం చక్రానికి గతుకుల దెబ్బ తట్టుకునే వేలంత షాకబ్జరు, లోపల చిన్న మోటారు. గుంతల్లో, మట్టి దిబ్బల మీద పందెం పరుగులు తీయడానికి చేసిన బండి అది.

"డ్రైవర్ సాబ్" అని పిలిచాడు భాయ్, గోడ వైపున్న ఆ వీపును చూస్తూ.

నా పై ప్రాణం పైనే పోయింది. లారీ పోయింది, కాలు పోయింది, ఇంకా డ్రైవరు అంటాడేమిటి, ఈయన ఏమైపోవాలి అని.

"డ్రైవర్ సాబ్, దీని మోటరు నేను జూసుకుంట. నడిపే చెయ్యి నాకు లేదు. నాకు సైకిలే సక్కగ రాదు."

వీపు కదలలేదు. భాయ్ ట్రక్కును నేల మీద పెట్టి తనే నడిపాడు. అది పోయి నా నీళ్ల బిందెకు గుద్దుకుంది. అక్కడి నుంచి మంచం కోడుకు, మళ్లీ బిందెకు.

"స్టీరింగు గంతగానం తిప్పుతరా ఎవరన్న?" అన్నాడు మా ఆయన, గోడతోనే. "జరంత తిప్పాలె."

"గట్లనా. నాకేం దెల్సు. నువ్వే జూపియ్యి."

చాలాసేపటికి మా ఆయన ఇటు తిరిగాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆ ట్రక్కు సగం మా ఇంట్లో, సగం భాయ్ దుకాణంలో బతికింది. షాకబ్జర్లలో ఉండాల్సిన నూనె ఎప్పుడో కారిపోయింది. భాయ్ కుట్టుమిషను నూనె పోసి చూశాడు. అది మరీ పలచన, దిబ్బ ఎక్కి దిగగానే ట్రక్కు మిడతలా ఎగిరి వెల్లకిలా పడేది. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నువ్వు వండిన ఆముదం జరంత ఇయ్యి."

"పసిపిల్లలకు వెట్టేది భాయ్. బొమ్మకు పోస్తవా?"

"బొమ్మ గూడ పసిదే గదక్కా. నడుసుడు నేర్సుకుంటాంది."

మా మెట్ట చెలకల్లో పండే గింజలే. వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి పైకి తేలిన నూనెను నేనే తీసేదాన్ని. ఒట్టి ఆముదం పోస్తే ట్రక్కు రాయిలా బిగుసుకుని, గతుకుల మీద చక్రాలు నేలకు ఆనలేదు. రెండు నూనెలు కలిపితే కుదిరింది. అదీ పొద్దున చలికి చిక్కబడేది, మధ్యాహ్నం ఎండకు పలచనయ్యేది. అందుకని భాయ్ ఇంజెక్షన్ సీసాల్లో వేరువేరు పాళ్లలో కలిపి చొక్కా జేబులో వేసుకునేవాడు. మా ఆయన ట్రక్కును దిబ్బ మీద నుంచి దూకించి, అది నేలను తాకిన తీరు చూసి, "ఎనక గుద్దుకుంటాంది, జర చిక్కగ పొయ్యి" అనేవాడు. "నిన్ననే పలచగ గావాలంటివి గద" అని భాయ్. "నిన్న ఎండ ఉండెనా?" అని ఈయన. ఇద్దరూ కొట్లాడుకుంటారేమోనని నేను గడపలో నిలబడి చూసేదాన్ని. కొట్లాడుకునేవారు కూడా. మాట కలిపేదాకా నాకు అన్నం దిగేది కాదు.

ఇక మోటారు వేడి. ట్రక్కు పైడబ్బాకు గాలి పోయేటట్టు భాయ్ కిటికీలు కోశాడు. నా పాత సిల్వర్ గిన్నె మూత కత్తిరించి రెక్కల్లా మడిచి మోటారు చుట్టూ బిగించాడు, వేడి వాటిలోకి పాకి గాలికి పోవాలని. ఎంత చేసినా చివరికి ఆయన నమ్మింది తన వేలినే. వేలి వెనకవైపు మోటారుకు ఆనించి, నెమ్మదిగా ఒక బిస్మిల్లా మొదటి నుంచి చివరిదాకా అనుకునేవాడు. అది పూర్తయ్యేదాకా వేలు నిలిస్తే నడపొచ్చు. నిలవకపోతే ఆపాలి. వెనకవైపే ఎందుకని అడిగాను. "లోపటి దిక్కు వెడితే, కరెంటు ఉన్ననాడు చెయ్యి ముడుసుకొని పట్టుకుంటదక్కా. ఎనక దిక్కైతే ఇడిసిపెడ్తది. పెద్ద మోటర్ల కాడ అయిన అలవాటు." నాకు ఒళ్లు వెచ్చగా ఉందంటే నా నుదుటికీ అలాగే వేలు ఆనించి చూసేవాడు. "జరం లేదు. గిదంత ఫికరే, మనసుల భయం. దానికి రెక్కలు వెట్టరాదక్కా, ఏం జెయ్యాలె" అని నవ్వేవాడు.

కానీ మా ఆయనకు ఆపడం రాదు. ట్రక్కు చేతికి వచ్చిందంటే నడపడమే. భాయ్ ఎంత అరిచినా వినడు. అలా ఒక మోటారు కాలిపోయింది. ఆ వాసన ఇంట్లోంచి పోయేదాకా ఈయన గోడ వైపే. భాయ్ వెంట్రుకలాంటి రాగితీగతో దాన్ని మళ్లీ చుట్టాడు. అదీ కాలింది, ఈసారి చుట్టడానికి లోపల ఏమీ మిగలలేదు. మళ్లీ గోడ. బామ్మర్ది అంతకుముందే పంపిన మోటారు ఒకటి ఉంది. బామ్మర్ది ఆ బొమ్మల దుకాణం మానేశాడు, ఇంకొకటి వచ్చే దారి లేదు. ఇది కూడా కాలితే ఈయన మళ్లీ ఇటు తిరుగుతాడా? ఆ మాట భాయ్ గానీ నేను గానీ పైకి అనలేదు. భాయ్ భార్య మాత్రం నా కత్తి, తాడు ఇంకా తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

అలాంటప్పుడు షాద్‌నగర్ దగ్గర పందెం ఉందని తెలిసింది. ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు కొందరు ఇలాంటి ట్రక్కులు తెప్పించుకుని, వెనక బీడులో మట్టి దిబ్బలు పోసి పందేలు పెట్టుకునేవారు. అది ఆదివారం. ప్రార్థన గుడి మానుకుని పోతే దేవునికి కోపం వస్తుందని నా బాధ.

"నీ దేవునికి నేను జెప్త అక్కా, పా" అన్నాడు భాయ్.

బస్సులో పోతున్నంతసేపూ ట్రక్కు నా ఒడిలోనే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అదిమి పట్టేదాన్ని. భాయ్ మా ఆయనతో ఒకటే మాట అన్నాడు. "నేను మూల మీద నిలవడ్త. రుమాలు ఎత్తిన అంటే నా కాడికి వచ్చి ఆగాలె. ఎందుకు, ఏమిటి అనొద్దు."

మా ఆయన కిటికీ వైపు తిరిగాడు.

బ్యాటరీ ఉన్నంతసేపు ఎవరి ట్రక్కు ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్లది గెలుపు. మధ్యలో ఆపొచ్చు, చుట్లు మాత్రం పోతాయి. మా ఆయనకు స్టూలు వేశారు. అక్కడి ఫోర్‌మన్ ఒకాయన మమ్మల్ని చూసి, "ఏం తాతా, మనుమని బొమ్మ గుంజుకొచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. భాయ్ కూడా నవ్వి, మధ్యాహ్నం ఎండకని చిక్కగా కలిపిన సీసా తీసి షాకబ్జర్లలో నూనె మార్చాడు.

మొదలయ్యింది. దుమ్ములో నాకు ఏ ట్రక్కు ఏదో తెలియలేదు, మా ఆయన భుజాలు చూసి తెలుసుకున్నాను. ఆ భుజాలు లారీ తోలేటప్పటిలా ముందుకు వంగాయి. కొన్ని చుట్లు తిరిగేసరికి మాది రెండోది. ముందున్నది ఫోర్‌మన్‌ది. మెలిక మెలికకూ మాది దానికి దగ్గరవుతోంది. "పాత డ్రైవరంట భయ్" అన్నారు నా వెనక ఎవరో. ఆ మాటకు నాకు సంతోషం వేయలేదు, భయం ఇంకా ఎక్కువైంది.

ఎండకు నూనె పలచబడినట్టుంది, ట్రక్కు దిబ్బల మీద ఎక్కువ ఎగరడం మొదలుపెట్టింది. దాన్ని నిలబెట్టడానికి ఈయన ఇంకా గట్టిగా నడుపుతున్నాడు. మోటారు చప్పుడు మారింది. సన్నగా, ఏడుపులా. మూల మీద భాయ్ రుమాలు ఎత్తాడు.

మా ఆయన చూశాడు. చూసి ముందుకు పోనిచ్చాడు.

రుమాలు దిగలేదు. ట్రక్కు ఇంకో చుట్టు తిరిగి భాయ్ ముందు నుంచి పోయింది. భాయ్ అరవలేదు, పరుగెత్తలేదు, చెయ్యి ఎత్తి అలాగే నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకుని ప్రభువా ప్రభువా అనుకున్నాను. కొంచెం మాడు వాసన నా ముక్కుకు తగిలిందో, తగిలిందని నేను అనుకున్నానో. కళ్లు తెరిచేసరికి మాది ఫోర్‌మన్ ట్రక్కు పక్కనే ఉంది, ఇంకో మెలిక తిరిగితే దాటేస్తుంది.

మా ఆయన రిమోటు డబ్బా మీది వేలు తీసేశాడు.

ట్రక్కు ఊగుతూ పోయి భాయ్ కాళ్ల దగ్గర ఆగింది. తక్కినవన్నీ దాన్ని దాటి పోయాయి. "ఏం తాతా, పెట్రోలు అయిపాయెనా?" అని ఎవరో కేక వేశారు. భాయ్ పైడబ్బా ఊడదీసి వేలు ఆనించాడు, వెంటనే తీశాడు. రుమాలుతో విసిరాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ తీశాడు. మా ఆయన ట్రక్కును చూడటం లేదు, భాయ్ పెదవులనే చూస్తున్నాడు. ఎంతోసేపటికి ఆ పెదవులు బిస్మిల్లా అంతా అన్నాయి, వేలు అక్కడే ఉంది. భాయ్ తల ఊపాడు.

ట్రక్కు మళ్లీ కదిలింది. పందెంలో చివరి నుంచి రెండోది మాది.

తుమ్మచెట్టు కింద నేను కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు విప్పాను. మా ఆయన రొట్టె ముక్క పట్టుకుని తినకుండా కూర్చున్నాడు. ఓడిపోయినందుకేననుకున్నాను.

"ఆ దినం గూడ వాసన వచ్చింది భాయ్" అన్నాడు. "ఘాట్ల. బ్రేకులు కాలిన వాసన. క్లీనరు పిల్లగాడు గూడ ఆపమన్నడు. నాకు తెల్సు. ఇంకో మలుపైతే దిగిపోత గద అనుకున్న. ఆపలే."

ఇన్నాళ్లు గోడతో చెప్పుకున్నది అదన్నమాట.

భాయ్ నమిలేది ఆపి, "ఇయ్యాల ఆపినవు గద" అన్నాడు. రొట్టె తుంచుతూ, "ఒక చుట్టు ఆలిశంగ ఆపినవనుకో. గదే నా బాధ" అన్నాడు.

మా ఆయన నవ్వాడు. కాలు పోయిన తర్వాత నవ్వడం అదే మొదలు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నీళ్ల చెంబు అందించాను.

తెల్లారి నుంచి ఈయన కర్ర వేసుకుని భాయ్ దుకాణానికి పోవడం మొదలుపెట్టాడు. మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకున్నాడు. రైతులను తిట్టడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. భాయ్ భార్య ఒకరోజు నా తాడు, కత్తి కొంగు చాటున తెచ్చి మా వంటింట్లో పెట్టి పోయింది. పురుగుల మందు మాత్రం తనే పారబోసిందట.

ఈ ఎండాకాలం బోర్లలో నీళ్లు లేక, కరెంటు సరిగా రాక, కాలిన మోటార్లు దుకాణం ముందు కుప్పలుగా పడ్డాయి. భాయ్‌కి ఎడమ చెయ్యి గుంజుతోందని మా ఆయన వచ్చి చెప్పినప్పటి నుంచి నాకు కుదురు లేదు. నేనే పోయి, "జర ఆగు భాయ్, దవాఖానకు పో" అన్నాను. "పోత అక్కా. పాపం గా రైతు చేను ఎండుతాంది. గీ ఒక్క మోటరు" అన్నాడు. మా ఆయన కూడా చెప్పాడు, గట్టిగానే చెప్పాడు. ఆయనకూ అదే జవాబు. అందరినీ ఆగమన్న మనిషిని ఆపడం మా వల్ల కాలేదు. మమ్మల్ని ఇంటి మనుషులుగా చూసుకున్నాడు, ఒక మనిషిని గోడ నుంచి ఇటు తిప్పి ఇచ్చాడు. ఆయనకు తిరిగి ఇవ్వడానికి మాకు ఏదీ దొరకలేదు.

భాయ్‌ని మోసే పాడె, జనాజా, మా ఇంటి మీదుగానే పోయింది. మా ఆయన పాతిపెట్టే కబ్రస్తాన్ దాకా నడవలేడు, భుజం పట్టి మోయలేడు. పొద్దుటి నుంచి గేటు దగ్గర నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వాళ్లు వడివడిగా వచ్చారు. ముందు పట్టినవాళ్లు ఈయనను చూసి, ఒకరికొకరు ఏమీ చెప్పుకోకుండానే ఆగారు. జనాజాను ఈయన భుజం ఎత్తుకు దించారు. ఎవరో కర్ర పట్టుకున్నారు. ఈయన ఒంటికాలి మీద ఊగుతూ భుజం ఆనించి కళ్లు మూసుకున్నాడు. వెనక బజారంతా నిలిచిపోయింది. ఈయన భుజం తీసేదాకా ఎవరూ అడుగు వెయ్యలేదు.